తీరం దగ్గర ఉపగ్రహ చిత్రాలు: అకోలైట్ సెట్టింగులు ఎలా పెట్టుకోవాలి

యానాం నుంచి పూరీ పెంటకోట దాకా సముద్రాన్ని నమ్ముకున్న తెలుగు ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళ పిల్లలు ఉపగ్రహ చిత్రాలు దింపుకుని, మొగ దగ్గర నీరు ఎంత బురదగా ఉందో మ్యాపులు గీసే రోజులివి. మంచిదే. కానీ మ్యాపు తప్పైతే, దాన్ని జతచేసి పెట్టిన అర్జీ మొదటి ప్రశ్నకే వీగిపోతుంది. ఆ తర్వాత నిజమైన ఫిర్యాదు తీసుకెళ్ళినా వినేవారుండరు. అందుకే ఈ వివరాలు ఇక్కడ పెడుతున్నాం.

సముద్రం మీద ఉపగ్రహం పట్టే వెలుగులో నీటి నుంచి వచ్చేది సుమారు పదో వంతే. మిగతాదంతా గాలి, దుమ్ము, పొగమంచు పంపే వెలుగు. దాన్ని తీసివేయడమే వాతావరణ దిద్దుబాటు. నడిసముద్రంలో ఈ పని తేలిక. అక్కడ పరారుణానికి దగ్గరి కాంతిలో నీరు నల్లగా ఉంటుంది కాబట్టి, అందులో కనిపించిన వెలుగంతా గాలిదే అనుకోవచ్చు. గౌతమి మొగలో అది చెల్లదు. వరద మట్టి ఆ కాంతిలోనూ మెరుస్తుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని దుమ్ముగా లెక్కగట్టి ఎక్కువ తీసేస్తుంది, నీలి రంగు విలువలు సున్నా కిందికి పోతాయి.

బెల్జియం రాయల్ ప్రకృతి శాస్త్రాల సంస్థ ఉచితంగా ఇస్తున్న అకోలైట్ ఇలాంటి నీళ్ళకోసమే తయారైంది. చిత్రంలో అతి చీకటిగా ఉన్న చోట్లను వేర్వేరు బ్యాండ్లలో వెతికి గాలి లెక్క కడుతుంది. దీని సెట్టింగులన్నీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో వరుసకొకటి ఉంటాయి. ఉద్యోగమంతా ఫైళ్ళు సర్దిన మాలాంటివారికి ఇదేమంత కొత్త కాదు.

ముందు చిత్రం సంగతి. సెంటినెల్-2లో ఎల్1సి రకమే తీసుకోవాలి. ఎల్2ఎ అప్పటికే నేల కోసం దిద్దినది, దాన్ని మళ్ళీ దిద్దితే రెండుసార్లు కోసినట్టే. ఇంకొకటి: 2022 జనవరి 25 నుంచి ఈ చిత్రాల అంకెలకు 1000 కలిపి ఇస్తున్నారు. పాత వెర్షన్‌కు ఆ సంగతి తెలియదు. ప్రతి బిందువుకూ 0.1 అదనంగా చేరుతుంది. నల్లని నీటికి అది చాలా పెద్ద తప్పు, కాబట్టి కొత్త వెర్షనే వాడండి.

లిమిట్ వరుసలో దక్షిణం, పడమర, ఉత్తరం, తూర్పు అన్న క్రమం తప్పకూడదు. యానాం, కాకినాడ ఖాతం కలిపి చూడాలంటే 16.6, 82.1, 17.1, 82.5 సరిపోతాయి. ఇంత చిన్న చోటుకు గాలి లెక్కను ముక్కలుముక్కలుగా కాక ఫిక్స్‌డ్ అని ఒకటే పెట్టడం మా దృష్టిలో మేలు. టైల్డ్ పెడితే మ్యాపులో గళ్ళు కనిపించవచ్చు, చూసేవాళ్ళు అవి నీటిలోవే అనుకుంటారు.

ఎండాకాలంలో పొద్దు నడినెత్తికి దగ్గరగా ఉంటుంది, అలల మీద తళుకు ఎక్కువ. అప్పుడు గ్లింట్ దిద్దుబాటును ట్రూ అని మార్చండి. నీటిని నేలనుంచి విడదీసే మాస్క్ హద్దు మామూలుగా 0.0215 ఉంటుంది. తళుకు ఉన్నచోట, మరీ చిక్కని బురద ఉన్నచోట ఇది నీటినే నేల అని కొట్టేయవచ్చు. మొగలో ఖాళీ మచ్చలు కనిపిస్తే హద్దును 0.05 దాకా పెంచి చూడండి. అయితే అప్పుడు పలుచని మేఘాలు కూడా నీళ్ళలో చేరిపోతాయి. వాటిని కంటితో ఏరక తప్పదు.

వేటకు వెళ్ళేవారు మాత్రం ఇంట్లో గీసిన మ్యాపులను నమ్ముకోవద్దు. చేపలు దొరికే చోట్ల సూచనలను హైదరాబాదులోని ఇంకాయిస్ స్థానిక భాషల్లో ఇస్తూనే ఉంది.

మ్యాపు పని మొదలుపెట్టేవారు ఉపగ్రహం దాటే రోజున, ఉదయం పదిన్నర ప్రాంతంలో, పడవ మీంచి తెల్ల పళ్ళెం నీటిలోకి దించి అది కనుమరుగైన లోతు రాసిపెట్టుకోవాలి. తేదీ, గంట, చోటు, లోతు రాస్తే చాలు. చిత్రం సరిగ్గా వచ్చిందో లేదో చెప్పేది ఆ కాగితమే.