గ్రంథాలయము ఎవరి సొత్తు?

మొన్న మా యూరి రచ్చబండ యొద్ద ఒక పెద్దరైతు నన్నడిగెను: “పంతులుగారూ, గ్రంథాలయము వారు చందాలు పుచ్చుకొందురు గదా, లాభమెవరికి?” ఆ యడుగుట న్యాయమే. లాభాపేక్ష లేని సంఘమనగా నేమో చెప్పుటకు మన గ్రంథాలయముల చరిత్రమే చాలును.

1901లో హైదరాబాదునందు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును నెలకొల్పిరి. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమేర్పడెను. అయ్యంకి వేంకటరమణయ్యగారు దానికి ప్రాణము. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము పుట్టెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువలో నడచు పడవయందు పుస్తకములుంచిరి. తాడు కట్టి మనుష్యులు లాగెడి ఆ పడవలు కాలినడక వేగముననే సాగెడివి. దారి పొడుగునను ఊరక కూర్చుండవలసిన ప్రయాణికునకు అంతకు మించిన తీరిక యెక్కడ దొరకును? నాకు వీరందరిలో ఈ పడవవారిపైననే మక్కువ.

ఇక లాభము మాట. సంఘమునకు రాబడి యుండరాదని కాదు. చందాలు, విరాళములు వచ్చును. గుమాస్తా జీతము, అట్టలు, దీపము ఖర్చు పోవును. మిగిలిన రూపాయి మాత్రము సభ్యులు పంచుకొనరాదు. అది మరల పుస్తకమునకే పోవలెను. అంగడికిని దీనికిని భేద మదియే. మద్రాసు రాజధానిలో అమలున నుండిన 1860వ సంవత్సరపు 21వ చట్టము ప్రకారము ఏడుగురు కలసి తమ యుద్దేశములను వ్రాసి రిజిస్టరు చేయించుకొనవచ్చును. ఏటేట కార్యవర్గపు జాబితా దాఖలు చేయవలెను. సంఘము మూతపడినచో, అప్పులు తీర్చగా మిగిలినది సభ్యులకు దక్కదు. మరియొక సంఘమునకు పోవలెను. ఆంధ్రప్రదేశమున 2001లో దీనికి బదులు వేరు చట్టము వచ్చినది.

ఈ కాగితములెందుకని నేనును ఒకప్పుడు నవ్వినవాడనే. నేను క్రొత్తగా బడిపంతులనైన యూరిలో అందరము చందాలు వేసి పఠనమందిర మొకటి పెట్టితిమి. బీరువా ఒక పెద్దమనిషి అరుగుపై నుంచితిమి. రిజిస్టరు లేదు, లెక్కల పుస్తకము లేదు. ఆయన మాటయే మాకు పత్రము. ఆయన గతించెను. కొడుకులు వేరుపడిరి. బీరువా చిన్నవాని వాటాకు వచ్చెను. నేను పోయి యడుగగా అతడు కోపింపలేదు. “మాస్టారూ, మీదేనని కాగితమేదైనా ఉన్నదా?” అనెను. లేదు. అతని తప్పేమి? నా చేవ్రాలుతో నున్న భారతము సంపుటములు మూడును ఆ బీరువాలోనే యుండిపోయినవి.