విజయనగరపు పేటలలో మహానవమి

శరత్కాలము వచ్చినదనగా వానలు వెనుకపట్టును, ఏరులు తగ్గును, బాటలు ఆరును. దసరా పండుగ ఈ ఋతువున వచ్చుటకు పౌరాణిక కారణము లెన్నియైన నుండవచ్చును. కాని వర్తకునికిని, సైనికునికిని, ఆటగానికిని ఇల్లు విడిచి బయలుదేరుటకు అనువైన దినములు ఇవియే. విజయనగరపు మహానవమిని మన చరిత్రకారులు తఱచుగా రాజసింహాసనము చెంత నిలిచి చూచినారు. దిబ్బ యెంత యెత్తు, ఏనుగు లెన్ని, రాయల మెడలోని హారము లెట్టివి అని వర్ణించినారు. అదే పండుగను మనము ఒకసారి అంగడి వీధిలో నిలిచి చూచెదము గాక.

విజయనగరము ఒక్క కోటయు, ఒక్క బజారును గల పట్టణము కాదు. పెద్ద ఆలయము వెలసిన చోటనెల్ల దాని ముందర ఒక పేట వెలసినది. విరూపాక్షుని గుడి యెదుట ఒకటి. ఉదయగిరి నుండి తెచ్చిన బాలకృష్ణుని 1515లో ప్రతిష్ఠించి కృష్ణదేవరాయలు కట్టించిన గుడి యెదుట కృష్ణాపురము. తిరువేంగళనాథుని గుడి యెదుట, అచ్యుతరాయల పేరిట, అచ్యుతాపురము. తుంగభద్ర దాపున విఠలాపురము. విరూపాక్షుని వీధి తూర్పు గోపురము మొదలు ఏకశిలా నంది వఱకు దాదాపు ముప్పాతిక కిలోమీటరు సాగును. దానికి ఇరుప్రక్కల ఱాతి స్తంభముల మంటపములు, కొన్ని రెండంతస్తులవి. ఆ మంటపములే అంగళ్లు, వాటి నడుమ సాగునదే తేరువీధి. అమ్మకమున కొక చోటు, ఆటపాటల కొక చోటు అను విభజన ఆ నగరమును కట్టినవారికి తోచినట్లు లేదు.

ఈ వీధులలో ఏమేమి దొరకెడిదో పరదేశీయులు వ్రాసి పెట్టినారు. 1443లో, రెండవ దేవరాయల కాలమున, హీరాతు నుండి రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాకు, ముత్యములను, కెంపులను, వజ్రములను బహిరంగముగా వీధిలో పోసి అమ్ముచుండుట చూచి ఆశ్చర్యపడెను. గులాబీలు ఆ పురజనులకు అన్నమువలె నిత్యావసరములని అతడు వ్రాసెను. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిజు కన్ను మఱింత లోకజ్ఞానము గలది. రత్నవర్తకుల వీధిలోనే సాయంకాలమున సంత కూడుననియు, అందు తట్టువలు, నిమ్మపండ్లు, నారింజలు, ద్రాక్షలు, కట్టెలు కూడ అమ్ముదురనియు అతడు చెప్పినాడు. వజ్రముల ప్రక్కన వంటచెఱకు! ఈ ఒక్క మాట ఆ వీధిని మన కన్నులకు కట్టినట్లు చూపుచున్నది. ఆ వీధి వెంటనే, గుడి పండుగ వచ్చినపుడు, తేరు లాగుదురనియు, నాట్యకత్తెలును వాద్యములును దానితో నడచుననియు పేయిజే తెలిపినాడు.

నగరమునకు కావలసిన సరకు అంతయు వెలుపలి నుండి రావలసినదే. కొంతకాలమునకు, 1535 ప్రాంతమున, ఇచట నుండిన న్యూనిజు దినమునకు రెండువేల పెరికెద్దులు ద్వారము దాటి వచ్చుచుండెడివని వ్రాసినాడు. సుంకము కట్టక ద్వారము దాటుట యెవరి తరమును కాదు. అయితే కొమ్ములు లేని మోడి యెద్దులకు మాత్రము రాజ్యములో నెచ్చటను సుంకము లేదట! ఇందులకు కారణ మేమో అతడు చెప్పలేదు. ఎద్దు నడుగ వలనుపడదు గదా.

మహానవమికిని ఈ వర్తకమునకును ముడి యెచట పడినదో కూడ న్యూనిజు వ్రాతలోనే కానవచ్చును. అమరనాయకులు రాజునకు చెల్లింపవలసిన ధనమును ఏటేట సెప్టెంబరు మాసమున, ఈ తొమ్మిది దినముల ఉత్సవ సమయముననే చెల్లించుచుండిరి. అనగా రాజ్యములోని నాయకులెల్లరు పరివారముతో, గుఱ్ఱములతో, ఏనుగులతో, బంటులతో ఒక్కమాఱుగా రాజధానిలో దిగవలెను. వారికి గ్రాసము, వస్త్రము, పుష్పము, తాంబూలము, దివిటీలకు నూనె—ఇవియన్నియు ఎవరు సమకూర్పవలెను? బలుల లెక్క చూడుడు. మొదటి దినమున ఇరువదినాలుగు దున్నలు, నూటయేబది గొఱ్ఱెలు. కడపటి దినమున రెండువందల యేబది దున్నలు, నాలుగువేల యైదువందల గొఱ్ఱెలు అని పేయిజు వ్రాసినాడు. ఆ మందలను తోలుకొని వచ్చిన గొల్లల పేరు ఏ చరిత్రలోను లేదు.

ఇక ఆటపాటల సంగతి. రజాకు చూచిన ఉత్సవములో బహిరంగ స్థలమున అంతస్తులంతస్తులుగా మంటపములు నిలిపి, వాటిపై మనుష్యులను, మృగములను, కడకు ఈగలను, దోమలను కూడ చిత్రించినారు. కొన్ని మంటపములు గిరగిర తిరుగుచు గడియకొక ముఖము చూపుచుండెడివట. గాయకులు, కథకులు, నర్తకులు సరేసరి. దూలముపై నెక్కి తూగుచు, వాద్యమునకు సరిగా తొండము నాడించు ఏనుగు రాయబారిని అన్నిటికంటె నెక్కువగా మురిపించినది. పేయిజు నాటికి పట్టుగుడ్డలు కప్పిన ఎత్తయిన మంచెలు పదునొకండు. పగలు నాట్యము, పండ్లూడునట్లు గ్రుద్దుకొను మల్లులు, రాత్రి దివిటీల వెలుగున రథములు, బాణసంచా. మల్లవిద్య నేర్చిన స్త్రీలు కూడ రాయలకు కలరని న్యూనిజు వ్రాసినాడు. దిబ్బ ప్రక్కలనున్న ఱాళ్లపై నేటికిని కోలాటము వేయు స్త్రీలు, వేటగాండ్రు, దూరదేశపు వేషములవారు కానవత్తురు. దిబ్బ మీది కొయ్య మంటపము మాత్రము పోయినది.

ఇచట ఒక విషయము గుర్తింపవలెను. ఈ వేడుక జరుగు ప్రాకారపు ద్వారమున తోలు కొరడాలు, బెత్తములు పట్టిన కావలివారు నిలిచి, నాయకులను, ప్రముఖులను, అనుమతి పొందినవారిని మాత్రమే లోనికి విడుచుచుండిరని పేయిజు స్పష్టముగా చెప్పినాడు. మఱి పెరికెద్దులవాడు, పూలమ్ము స్త్రీ, గొఱ్ఱెల మందతో వచ్చిన గొల్ల—వీరి మహానవమి యెచట జరిగినది? పేటలలోనే జరిగియుండునని మా యూహ. తేరు నడచిన చోట, నాట్యకత్తెల యిండ్లున్న చోట, ఊరూర తిరుగు ఆటగాడు తప్పెట మ్రోగించుటకు ఎవరి యనుమతియు అక్కఱలేని చోట వారి పండుగ నడచియుండవలెను. రాజుల యెదుట ఆడినవారే చరిత్ర కెక్కినారు. మాచుపల్లి కైఫీయతులో కూచిపూడి భాగవతుల కథ యొకటి కలదు. సిద్ధవటము సీమలో సంబెట గురవరాజు ధనము కొఱకు ప్రజలను పెట్టు హింస చూచి, వారు విద్యానగరమునకు పోయి, వీరనరసింహరాయల యెదుట అదే వేషము కట్టి ఆడిరట. రాయలు సేనను పంపి గురవరాజును పట్టించెనట. కైఫీయతును శాసనముతో సమానముగా గ్రహింపరాదు. అయినను ఆట యనునది కాలక్షేపము మాత్రమే కాదని ఆనాటివారు నమ్మినట్లు ఈ కథ తెలుపుచున్నది. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసములో రాజనీతి చెప్పుచు రాయలు రేవులను, పరదేశ వర్తకులను ఆదరింపుమనుటయు ఇచట స్మరింపదగినది. ఆ మాట అంగడి విలువ నెఱిగిన రాజు మాట.

1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధము జరిగినది. రెండేండ్లకు వచ్చిన వెనిసు వర్తకుడు సీజరు ఫ్రెడరికు ఇండ్లు చాలవఱకు నిలిచియే యున్నవనియు, వాటిలో పులులు తప్ప వసించువారు లేరనియు వ్రాసినాడు. నాయకులు చెల్లింపులకు రారు, పెరికెద్దులు రావు, ఇక ఆటగాడు ఎవరి కొఱకు వచ్చును? ఉత్సవము దక్షిణమునకు తరలినది. శ్రీరంగపట్టణమును పట్టుకొన్న రాజ ఒడయరు 1610లో అచట నవరాత్రుల నారంభించెను. ఆ సంప్రదాయమే తరువాత మైసూరు చేరినది. 1880లో దసరాతో పాటు పారిశ్రామిక ప్రదర్శనము కూడ అచట నెలకొల్పబడుటతో అంగడియు ఆటయు మఱల ఒకచోట చేరినవి.

హంపిలోను కొంత జీవము మిగిలినది. విరూపాక్షుని పూజ ఆగలేదు. తరువాతి కాలమున జనులు ఆ ఱాతి మంటపములలోనే గోడలు పెట్టుకొని కాపురములుండి, టెంకాయలు, కాఫీ, బట్టలు అమ్ముకొనుచుండిరి. 1986లో ఈ శిథిలములు ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినవి. 2011 జూలైలో అధికారులు ఆ వీధిలోని ఇండ్లను, దుకాణములను కూల్చి, కుటుంబములను వెడలించిరి. ప్రాచీన స్తంభములకు సిమెంటు పూయుట, మేకులు కొట్టుట నిజమే; దానిని ఆపవలసినదే. కాని బజారు వీధిని రక్షించుట యనగా బజారును తీసివేయుటయా అని అడిగినవారికి సరియైన సమాధానము దొరకినట్లు మాకు తోచదు. చైత్రమున విరూపాక్షుని తేరు ఇప్పటికిని ఆ వీధిననే కదలుచున్నది. దానికి ఇరుప్రక్కల మంటపములు ఖాళీగా నున్నవి.