రేడియేటరు శుభ్రత (వరికోతలు)

వరికోతల కాలంలో ట్రాక్టర్లు, వరికోత యంత్రాల రేడియేటర్లలో చెత్త పేరుకోకుండా చూడటం ఇంజను రక్షణకు ముఖ్యము. కోనసీమ జిల్లా ఆత్రేయపురం మండలంలోని వాడపల్లి వంటి గోదావరి డెల్టా గ్రామాలలో సార్వా, దాళ్వా కోతలు రెండింటికీ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

'''కారణం'''

ఇంజనులో వేడెక్కిన నీరు రేడియేటరు గొట్టాలలో ప్రవహిస్తుండగా, ఫ్యాను లాగే గాలి దానిని చల్లబరుస్తుంది. ఆ గాలితో వచ్చే తాలు, గడ్డిపరకలు, ధూళి సన్నని రేకుల మధ్య చిక్కుకుంటే గాలి ఆడక ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఉపేక్షిస్తే హెడ్ గాస్కెట్ చెడిపోవచ్చును. ఇంజను చుట్టూ చేరిన ఎండుచెత్తకు నిప్పంటుకునే ప్రమాదమూ ఉన్నది.

'''శుభ్రపరచే విధానం'''

ఇంజను ఆపి చల్లారనివ్వాలి. ముందున్న జాలీని దులిపి, మెత్తని కుంచెతో చెత్త తీయాలి. పిమ్మట గాలి వచ్చే దిశకు ఎదురుగా, అనగా ఫ్యాను వైపు నుండి బయటకు, తక్కువ ఒత్తిడితో గాలి కొట్టాలి. ఒత్తిడి ఎక్కువైతే రేకులు వంగిపోతాయి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తెరవరాదు. ఎగజిమ్మే వేడినీటి వలన ముఖము, చేతులు కాలే ప్రమాదమున్నది.