పురానాపూల్ ఇల్లు సీరియల్‌లో ఎందుకు కనపడదు?

సీరియల్ చూసే ప్రతి ఇంట్లో ఇలాంటి మనిషి ఒకరుంటారు. అన్నం కలుపుకుంటూ టీవీ వైపు చూసి, "పొద్దున్నే పట్టుచీర కట్టుకుని కాఫీ పెట్టేవాళ్ళు ఎవరుంటారే?" అంటారు. పక్కనున్నవాళ్ళు వెంటనే "నీకెందుకు, కథ చూడు" అంటారు. నటన నిజంగా ఉందా, ఇల్లు నిజంగా ఉందా, మనుషులు అట్లా మాట్లాడతారా అన్న ఈ గొడవ మన దగ్గరే కాదు, బ్రిటన్‌లో కూడా అరవై ఏళ్ళ పైనుంచి నడుస్తోంది. ఈరోజు ఆ గొడవని నేను పురానాపూల్ నుంచి చూస్తా. నిజం కావాలా, కథ కావాలా అన్న తగాదా ఈ ఊళ్ళో మొదలైంది ఈ వంతెన మీదే అని నా అనుమానం మరి.

పురానాపూల్ కథ మీకు తెలిసే ఉంటుంది. గోల్కొండ యువరాజు ముహమ్మద్ కులీ, మూసీ అవతల చిచ్లం గ్రామంలో ఉండే భాగమతిని ప్రేమించాడు. వరదలో గుర్రం దూకించి నది దాటాడు. కొడుకు ప్రాణం మీదికొస్తుందని భయపడి తండ్రి ఇబ్రహీం కులీ కుతుబ్ షా వంతెన కట్టించాడు. ఇందులో ప్రేముంది, వర్షముంది, గుర్రముంది, కోపమొచ్చి కరిగిపోయే నాన్న ఉన్నాడు. వెయ్యి ఎపిసోడ్లకి సరిపడా సరుకు.

ఇప్పుడు లెక్క చూడండి. వంతెన పూర్తయింది 1578లో. యువరాజు పుట్టింది 1565 ప్రాంతంలో. అంటే వంతెన కట్టేనాటికి మన హీరోకి పన్నెండు, పదమూడేళ్ళు! హెచ్.కె. షేర్వానీ లాంటి చరిత్రకారులు అసలు భాగమతి కథనే నమ్మలేదు. వంతెనకి అసలు కారణం వ్యాపారం అనుకోవడమే సబబు. ఒక పక్క గోల్కొండ కోట, దాని కింద వర్తకుల బిడారాలు దిగే కార్వాన్. ఇంకో పక్క తూర్పున మచిలీపట్నం రేవుకి పోయే దారి. మధ్యలో మూసీ. 22 కమానులతో కట్టిన ఈ రాతి వంతెనని ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే చూసి, పారిస్‌లోని పాంట్ నఫ్ వంతెనకి ఏమాత్రం తీసిపోదన్నట్టు రాసుకున్నాడు. 1820 వరదకి దెబ్బతింటే సికందర్ జా బాగు చేయించాడు. 1908 సెప్టెంబర్ వరదని కూడా తట్టుకుని నిలబడింది. ఇప్పుడు దాని మీద కూరగాయలు అమ్ముతున్నారు.

అయినా జనం చెప్పుకునేది గుర్రం కథే. దాన్ని నేను తప్పు పట్టను. వినేవాళ్ళకి రాయి ఎన్ని టన్నులో అక్కర్లేదు, ఎవరు ఎవరి కోసం కట్టారో కావాలి. సీరియల్ కూడా ఈ ఆకలి మీదే బతుకుతుంది. కాకపోతే సీరియల్‌కి ఇంకో బాధ్యత ఉంది. రోజూ మన ఇంట్లోకి వచ్చి, ఇదిగో ఇదే మీ ఇల్లు, వీళ్ళే మీ మనుషులు అంటుంది. అప్పుడు చూసేవాళ్ళకి అడిగే హక్కు వస్తుంది.

బ్రిటన్‌లో ఈ అడగడం 'కొరొనేషన్ స్ట్రీట్'తో గట్టిగా మొదలైంది. 1960 డిసెంబర్ 9న మొదటి ఎపిసోడ్ వచ్చింది. రాసిన టోనీ వారెన్‌కి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో, ఫ్యాక్టరీ కూలీలు ఉండే ఇరుకు వీధుల లాంటి ఒక వీధిని ఊహించాడు. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు, మూల మీద మందు కొట్టు. మొదట్లో వీధి కూడా స్టూడియో లోపలే, గులకరాళ్ళ బాట నేల మీద వేసిన రంగు. తర్వాత బయట సెట్ వేశారు. 1982లో దాన్ని ఇటుకతో మళ్ళీ కడితే ఎలిజబెత్ రాణి వచ్చి ప్రారంభించింది. ఇక్కడ నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. ఆ సెట్‌కి నమూనా సాల్ఫర్డ్‌లోని ఆర్చీ స్ట్రీట్ అనే నిజమైన వీధి. సీరియల్ మొదట్లో టైటిల్స్‌లో కూడా అది కనిపించేది. 1971లో దాన్ని కూల్చేశారు. వీధి పోయింది, దాన్ని చూసి వేసిన సెట్ మిగిలింది. మన దగ్గర ఎట్లా ఉందో తర్వాత చెప్తా.

రెండోది 'ఈస్ట్ఎండర్స్', 1985 ఫిబ్రవరిలో మొదలైంది. లండన్ తూర్పు పేటల బతుకు అన్నమాట. కానీ తీసేది అక్కడ కాదు, ఊరి బయట ఎల్‌స్ట్రీ స్టూడియోలో. డాల్‌స్టన్‌లోని ఫాసెట్ స్క్వేర్‌ని చూసి ఆల్బర్ట్ స్క్వేర్ అని ఒక సెట్ కట్టారు. రెండేళ్ళు నిలబడితే చాలనుకుని ప్లైవుడ్డు, ప్లాస్టర్‌తో వేసిన ఆ సెట్ ముప్ఫై ఏళ్ళు దాటి నడిచింది. హెచ్‌డీ కెమెరా వచ్చాక గోడల గుట్టు బయటపడటం మొదలైంది. కొత్త సెట్ కట్టబోతే ఖర్చు అనుకున్నదానికంటే కోట్ల పౌండ్లు ఎక్కువై, 2018లో ఆడిట్ సంస్థ రిపోర్టు రాసేదాకా వెళ్ళింది. ఒక సీరియల్ వీధికి ప్రభుత్వ ఆడిట్! అక్కడి జనం లైసెన్సు ఫీజు కడతారు కాబట్టి అడుగుతారు.

సెట్ అంత బాగున్నా చూసేవాళ్ళు ఊరుకోలేదు. ఆ పేటలో ఎవరింట్లోనూ వాషింగ్ మెషీన్ లేనట్టు అందరూ లాండ్రెట్‌కే ఎందుకు వస్తారని నవ్వుకున్నారు. ఎందుకంటే నలుగురు పాత్రలు ఒకచోట కలిసి గొడవపడాలి, అందుకు. అది చిన్న సంగతి. పెద్ద సంగతి 2003లో వచ్చింది. ఫెరైరా అనే భారతీయ కుటుంబాన్ని కథలోకి తెచ్చారు. ఇంటిపేరు చూస్తే గోవా క్రైస్తవులది. కొడుకుల్లో ఒకడి పేరు తారిఖ్. మన దగ్గర చిన్నపిల్లాడికి కూడా ఇదేదో తేడాగా ఉందని తెలుస్తుంది కదా? అక్కడి మనవాళ్ళకీ తెలిసింది. ఆ కుటుంబం జనానికి ఎక్కలేదు, 2005కల్లా కథలోంచి వెళ్ళిపోయింది. 2007లో వచ్చిన మసూద్ కుటుంబం మాత్రం ఏళ్ళ తరబడి నిలిచింది. ఇటుక పక్కాగా ఉండి పేరు తప్పయితే ఇల్లు కూలిపోతుంది. ప్లైవుడ్డు గోడ ముందు మనిషి సరిగ్గా ఉంటే ఆ గోడ సంగతి ఎవరూ పట్టించుకోరు. సెట్ గురించి నాకు అర్థమైంది ఇంతే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. తొంభైల్లో దూరదర్శన్‌లో 'ఋతురాగాలు' వచ్చినప్పుడు వీధులు ఖాళీ అయ్యేవని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. తర్వాత జెమినిలో 'చక్రవాకం', 2008 నుంచి 2013 దాకా 'మొగలిరేకులు'. మూడూ మంజులా నాయుడు, బిందు నాయుడు అనే అక్కాచెల్లెళ్ళ చేతుల మీదుగా వచ్చినవే. మా మేనత్త ఉండేది పురానాపూల్ దర్వాజా దగ్గర, రెండు గదుల ఇల్లు. 'మొగలిరేకులు' ఒక్క రోజు కూడా వదల్లేదు. చూస్తూనే తిట్టేది, "గింత పెద్ద ఇంట్ల గింతమంది ఉండి, ఒక్కరు చీపురు పట్టుకోరేంది?" అని. నవ్వొచ్చేది గానీ, అది సెట్ డిజైన్ మీద విమర్శే. నేను చదివిన రివ్యూల్లో చాలావాటికంటే నయం.

ఆమె అడిగినదానికి జవాబు డబ్బులో, టైమ్‌లో ఉంది. రోజువారీ సీరియల్ అంటే వారానికి ఐదారు ఎపిసోడ్లు. ప్రకటనలు పోగా ఒక్కోటి ఇరవై నిమిషాల పైచిలుకు. దాదాపు రోజుకో ఎపిసోడ్ తీసేయాలి. సినిమాలో ఒక పూటకి రెండు నిమిషాలు తీస్తే గొప్ప. ఈ వేగానికి పెద్ద హాలు కావాలి, అందులో మెట్లు కావాలి. మెట్ల మీద అత్త, కింద కోడలు, సోఫా దగ్గర మామ, గుమ్మంలో ఆడపడుచు. ఎనిమిది మందిని ఒక్కసారి నిలబెట్టి లైట్ ఒక్కసారి పెట్టుకుంటే పది సీన్లు లాగేయొచ్చు. ఇరుకు వంటగదిలో తీస్తే గోడ అడ్డం, నీడ అడ్డం, మళ్ళీ లైట్ మార్చాలి. అందుకే ఊరి శివార్లలో అద్దె బంగ్లాలు. ఒక్కో బంగ్లా రెండు మూడు సీరియల్స్‌లో కనిపిస్తుంది, సోఫా కవర్ మాత్రం మారుతుంది. ఆ హాలు ధనవంతుల ఇల్లు అనుకుంటాం గానీ, నిజానికి అది పొదుపు కోసం ఎంచుకున్న ఇల్లు!

నటన కథా ఇంతే. మన సీరియల్స్‌లో చాలామంది హీరోయిన్లు కర్ణాటక నుంచో కేరళ నుంచో వస్తారు. పక్కనుంచి ప్రాంప్టర్ డైలాగ్ చదివితే, వింటూ పలుకుతారు. తర్వాత ఇంకొకరు గొంతిస్తారు. మొహం ఒకరిది, గొంతు ఒకరిది, మాట రాసింది మూడో మనిషి. డైలాగ్ వినడానికి పట్టే ఆ అర సెకను ఆగడమే మనకి ఓవర్ యాక్షన్‌లా కనిపిస్తుంది. దాన్ని కప్పడానికి క్లోజప్, క్లోజప్‌ని కప్పడానికి ఢాం అని సౌండ్. నటులు చేతకానివాళ్ళు కాదు, వాళ్ళ చేతికి టైమ్ ఇవ్వడం లేదు.

దీన్ని దాటి నిలబడ్డ మనిషి లేదా అంటే ఉంది. 2017 అక్టోబర్‌లో మొదలైన 'కార్తీక దీపం'లో ప్రేమీ విశ్వనాథ్. మలయాళం 'కరుత్తముత్తు'లో చేసిన పాత్రే తెలుగులో మళ్ళీ చేసింది. వంటలక్క అన్న పేరు ఊరూరా ఇంటి మనిషి పేరైపోయింది. కానీ చూడండి, కథ అంతా నల్లగా ఉన్నందుకు అవమానపడే ఆడమనిషి గురించి. ఆ నలుపు మేకప్‌తో వేసింది. నల్లగా ఉండే నటి మన దగ్గర దొరకలేదా? దొరుకుతుంది. ఆ మొహాన్ని హీరోయిన్‌గా రోజూ చూపించే ధైర్యం దొరకలేదు. ఆమె నటన మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ రంగు డబ్బా మీదే.

ఇక పాతబస్తీ. సినిమావాళ్ళు దీన్ని వదల్లేదు, నిజమే. 2003లో వచ్చిన 'ఒక్కడు' కోసం కళాదర్శకుడు అశోక్ చార్మినార్‌నే సెట్‌గా కట్టాడు. అసలు చార్మినార్ అక్కడే నిలబడి ఉంది, కానీ ఆ జనంలో అన్ని రోజులు షూటింగ్ చేయడం ఎట్లా? సెట్ అద్భుతంగా ఉంటుంది, చిన్నప్పుడు నేనూ నిజమనే నమ్మా. 2006లో 'అంగ్రేజ్' వచ్చింది. కొంచెం డబ్బుతో, నిజం గల్లీల్లో, మన దక్కనీ ఉర్దూలో. ఇస్మాయిల్ భాయ్‌గా ధీర్ చరణ్ శ్రీవాస్తవ్, సలీం ఫేకుగా మస్త్ అలీ. పాతబస్తీ తన గొంతు తెర మీద విని పడీ పడీ నవ్వింది. కొందరికి ఆ నవ్వు గొంతులో అడ్డం పడింది కూడా. పని లేక చార్మినార్ దగ్గర కూర్చుని కోతలు కోసేవాళ్ళమేనా మనం, అని. రెండు పక్షాల మాటా సరైనదే అంటాను నేను. గల్లీ నిజం, మాట నిజం. మనిషి మాత్రం సగమే.

సీరియల్స్‌లో ఆ సగం మనిషి కూడా అరుదు. 'చక్రవాకం'లో ఇక్బాల్ లాంటి పాత్రని ఇళ్ళల్లో అందరూ ఇష్టపడ్డారు, కాబట్టి జనం చూడరు అన్న సాకు చెల్లదు. నేను అడిగేది పురానాపూల్ ఇల్లు. పొద్దున్నే జియాగూడ వైపు పోయే ఆటో చప్పుడు, పక్కనే ధూల్‌పేటలో వినాయకుడి విగ్రహాలకి రంగులేసే ఇళ్ళు, తెలుగు, ఉర్దూ, కొంచెం మరాఠీ కలిసిన మాట, ఒకే గోడకి రెండు పక్కలా రెండు మతాల వంటిళ్ళు. ధూల్‌పేటలో గడ్డి, మట్టి, ప్లాస్టర్‌తో పదిహేను అడుగుల దేవుణ్ణి నిలబెట్టేవాళ్ళు ఉన్నారు. సెట్ వేయడం వీళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. సాల్ఫర్డ్‌లో వీధి పోయి సెట్ మిగిలిందని చెప్పా కదా. ఇక్కడ వీధి మిగిలే ఉంది. కానీ పాత ఇళ్ళు ఒక్కొక్కటీ కూలి అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, తెర మీద వాటి రూపం ఎక్కడా దాచుకోలేదు.

మన దగ్గర చేతకాదా అంటే, చేసి చూపించినవాళ్ళున్నారు. 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి'కి కళాదర్శకుడు చిత్రకారుడు తోట వైకుంఠం. ఆ పనికి ఆయనకి జాతీయ అవార్డు వచ్చింది, నటనకి అర్చనకి వచ్చింది. దొర గడీలో ఒక దాసి బతుకు. పెద్ద డైలాగులు లేవు, ఢాం అనే చప్పుడు లేదు. వీలైతే వెతికి చూడండి. చూసేటప్పుడు అర్చన ఏమీ మాట్లాడకుండా పని చేస్తున్న సీన్లలో ఆమె చేతులు చూడండి, వెనక గోడ చూడండి. మా మేనత్త అడిగిన చీపురు అక్కడ దొరుకుతుంది.

వచ్చే ఎపిసోడ్ 1908 మూసీ వరద గురించి. ఉంటాను.