పాడె మీద ఆదోనికి: సేనాని సిద్ది మసూద్ ఖాన్ రాయబార జీవితం

మంత్రాలయంలో ఎవరిని కదిపినా నవాబు కథ చెబుతారు. పళ్లెంలో మాంసం పెట్టి, పైన గుడ్డ కప్పి రాఘవేంద్రస్వామికి సమర్పించాడనీ, గుడ్డ తీస్తే పూలూ పళ్లూ కనిపించాయనీ, తప్పు తెలుసుకుని ఊరు దానమిచ్చాడనీ కథ. భక్తుల నోట ఆయన ఒట్టి ఆదోని నవాబు. పేరుతో పని లేదు. అక్కణ్ణించి ఎమ్మిగనూరు మీదుగా ఆదోని చేరి జామియా మసీదు దగ్గర అడిగితే పేరు దొరుకుతుంది, సిద్ది మసూద్ ఖాన్ అని. అయితే అక్కడ ఆయన మసీదు కట్టించిన దాత మాత్రమే. బిజాపూర్ చరిత్ర గ్రంథాల్లోనూ ఒక మసూద్ ఖాన్ ఉన్నాడు. బాలసుల్తాను సికందర్ ఆదిల్‌షా తరఫున 1678 నుంచి 1683 దాకా రాజ్యం నడిపి, నడపలేక వెళ్లిపోయిన వజీరు. ఈ ముగ్గురూ ఒకే మనిషి. ఆ మనిషిని ఒక్కడుగా చూసే పని మన చరిత్రకారులు ఇంతవరకు తలకెత్తుకోలేదన్నదే ఈ వ్యాసానికి మూలమైన ఫిర్యాదు.

ఈ నిర్లక్ష్యానికి జిల్లా సరిహద్దులు కొంత కారణం. 1886లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి కర్నూలు మాన్యువల్ రాసేనాటికి ఆదోని బళ్లారి జిల్లాలో ఉంది, కాబట్టి ఆయన పుస్తకానికి అది పరాయి ఊరు. 1904లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన బళ్లారి గెజెటీర్‌లో ఆదోనికి చోటు దక్కింది గానీ, అది తాలూకా కేంద్రానికి ఇచ్చే చోటు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి వచ్చాక బళ్లారి పండితులు ఆదోనిని వదిలేశారు, కర్నూలు పండితులు అందుకోలేదు.

అసలు తగాదా మాత్రం చరిత్రకారుడు జదునాథ్ సర్కార్‌తో. శివాజీ మీద 1919లో వచ్చిన ఆయన గ్రంథమూ, ఔరంగజేబు చరిత్ర నాలుగో సంపుటమూ లేకుండా ఆ కాలపు దక్కన్ గురించి ఎవరూ మాట్లాడలేరు. నేనూ మాట్లాడలేను. ఈ వ్యాసంలోని తేదీల్లో చాలావరకు ఆయన పారశీక చరిత్రల నుంచి, ఇంగ్లీషు వర్తకుల ఉత్తరాల నుంచి తవ్వి తీసినవే. ఆయనతో నా పేచీ తేదీల దగ్గర కాదు, కథ నడిపిన తీరు దగ్గర. ఆయన పుస్తకాలకు ఇద్దరే నాయకులు, శివాజీ, ఔరంగజేబు. మసూద్ వాళ్లలో ఎవరికో ఒకరికి అడ్డు తగిలినప్పుడే వెలుగులోకి వస్తాడు. తగలనప్పుడు ఎక్కడున్నాడు, ఏం చేస్తున్నాడు, ఏ బలంతో మళ్లీ లేచి వచ్చాడు అన్న ప్రశ్నలకు ఆ పద్ధతిలో జవాబు దొరకదు. జవాబు ఆదోనిలో ఉంది. బిజాపూర్ కోట గోడ మీద నిలబడి చూస్తే ఆదోని ఓడినవాడు తలదాచుకున్న మూల. ఆదోని కొండ మీంచి చూస్తే బిజాపూరే ఐదేళ్ల విడిది.

మసూద్ వచ్చింది కత్తి పట్టిన హబ్షీల, అంటే అబిసీనియా మూలాలున్నవాళ్ల, వరుసలోంచి. అంతకుముందు ఆదోని ఏలిన మలిక్ రహమాన్ ఖాన్ కూడా అబిసీనియా సంతతివాడే, ఆయన సమాధి ఆదోని కొండ మీద ఉంది. మసూద్ మామగారు సిద్ది జౌహర్, కర్నూలు పాలకుడు అబ్దుల్ వహాబ్ దగ్గర బానిసగా ఉండి కర్నూలుకే అధిపతి అయినవాడు. 1660లో సుల్తాను పంపగా జౌహర్ పన్హాళా కోటలో శివాజీని ముట్టడించాడు. జులై 13 రాత్రి శివాజీ కోట దాటి తప్పుకున్నాడు. వెంట తరిమిన దళానికి జౌహర్ అల్లుడు మసూదే నాయకుడని, ఘోడ్‌ఖిండ్ కనుమలో బాజీ ప్రభు ప్రాణమొడ్డి అడ్డుకున్నది ఆ దళాన్నేనని మరాఠీ కథనాలు చెబుతాయి. తప్పించుకున్న శత్రువు పాపం జౌహర్ మెడకు చుట్టుకుంది. సుల్తానుకు అనుమానం పుట్టి, ఆ అనుమానంలోనే జౌహర్ కథ ముగిసింది. యుద్ధం గెలవకపోతే సేనానికి ఏమవుతుందో అల్లుడు దగ్గర నుంచి చూశాడు. కత్తితో తెగని చోట మాటతో తెంచే నేర్పు ఆయనకు ఇక్కడే అవసరమైందని నా నమ్మకం.

ఆ నేర్పుకు నాకు దొరికిన మొదటి సాక్ష్యం మంచాల దానం, అంటే నేటి మంత్రాలయం ఊరి దానం. దీన్ని భక్తి కథగా పక్కన పెట్టేయడం మన చరిత్రకారులు చేసిన పెద్ద పొరపాటు. పళ్లెం, మాంసం, పూలు భక్తుల విశ్వాసం, దాని జోలికి నేను పోను. నాకు కావలసింది మఠ సంప్రదాయం చెప్పే మిగతా భాగం, శ్రద్ధగా వింటే పక్కా వ్యవహారం లాగే ఉంటుంది. చదువురాని వెంకన్న అనే కుర్రవాడు స్వామి దయతో నవాబు ముందు లేఖ చదివి వినిపించి, చివరికి ఆదోని దివాను అయ్యాడు. స్వామికీ నవాబుకూ మధ్య నడిచిన మాటలన్నీ ఈ వెంకన్న చేతుల మీదుగా నడిచాయి. నవాబు సారవంతమైన ఊళ్లు ఇస్తానన్నాడు, స్వామి తుంగభద్ర ఒడ్డున ఉన్న మంచాలే కావాలన్నారు. అది అప్పటికే ఒక ఖాజీకి ఇనాముగా ఉందనీ, ఆయనకు మరో ఊరు ఇచ్చి ఒప్పించి మంచాలను విడిపించారనీ ఒక కథనం.

ఈ ఆఖరి సంగతి దగ్గర కాసేపు ఆగాలి. ఖాజీ ఇనామును సేనాని లాగేసుకోలేదు, బదులు ఇచ్చి తీసుకున్నాడు. ఇచ్చినవాడు ముస్లిం, వదులుకున్నవాడు ఖాజీ, పుచ్చుకున్నవారు మధ్వ పీఠాధిపతి, మధ్యవర్తి బ్రాహ్మణ దివాను. నలుగురిలో ఎవరికీ ముఖం చిన్నబోలేదు. రాఘవేంద్రస్వామి 1671లో అక్కడే బృందావన ప్రవేశం చేశారు. బిజాపూర్ సుల్తాను రెండో అలీ ఆదిల్‌షా మరణించింది 1672 నవంబరులో. అంటే ఈ ఏర్పాటు జరిగినప్పుడు మసూద్ ఇంకా వజీరు కాడు, సరిహద్దు పాలకుడు. తర్వాత బిజాపూర్‌లో ఆయన నడిపిన పెద్ద బేరాలన్నిటికీ నమూనా ఇక్కడుంది: ఎదుటివాడికి కావలసింది కనిపెట్టడం, అది మరొకరి చేతిలో ఉంటే వాళ్లకు నష్టం లేకుండా మార్పిడి చేయడం, నడుమ నమ్మకస్తుణ్ణి నిలబెట్టడం. మసూద్ రాయబారం నేర్చుకున్నది మంచాలలోనే అని ఇంత చూశాక నాకు అనిపిస్తుంది.

ఊరు ఉన్న చోటు కూడా చూడాలి. మంచాల తుంగభద్ర దక్షిణపు ఒడ్డు, అవతల రాయచూరు దోవాబు. కర్నూలు నుంచి కోడుమూరు, ఎమ్మిగనూరు మీదుగా ఆదోనికి వచ్చే బాటకూ, నది దాటి రాయచూరుకు పోయే బాటకూ పొత్తు కుదిరేది ఈ ప్రాంతంలోనే. మఠం ఉన్న రేవుకు యాత్రికులు వస్తారు, యాత్రికులతో బండ్లు, బండ్లతో సంత.  

ఇక పాడె సంగతి. 1677 డిసెంబరు 23న బిజాపూర్ వజీరు, అఫ్ఘాన్ నాయకుడు బహ్లోల్ ఖాన్ చనిపోయాడు. కోట, కోటలోని పసిసుల్తాను ఆయన మనిషి జంషీద్ ఖాన్ చేతిలో మిగిలారు. జీతాలందక మండిపడుతున్న సైన్యం మధ్య జంషీద్ ఆ రెంటినీ శివాజీకి అమ్మజూపాడు. ఖరీదు ఆరు లక్షల హొన్నులు. మసూద్ దగ్గర సైన్యం ఉంది, బిజాపూర్ కోటను బద్దలు కొట్టేంత కాదు. అప్పుడు ఆయన జబ్బు పడ్డాడు. కొన్నాళ్లకు చనిపోయాడని వార్త పుట్టింది. సైన్యంలో ఒక భాగం శవవాహనాన్ని తీసుకుని ఆదోని దారి పట్టింది. నాయకుడు పోయిన మిగతావాళ్లు దిక్కు లేనివాళ్లలా జంషీద్ దగ్గరికి వెళ్లి కొలువు అడిగారు. అతను మురిసిపోయి కోటలోకి రానిచ్చాడు. లోపలికి వెళ్లినవాళ్లు అతణ్ణి పట్టుకుని తలుపులు తీశారు. 1678 ఫిబ్రవరి 21న మసూద్ బతికి కోటలో అడుగుపెట్టాడు, వజీరు అయ్యాడు.

సర్కార్ దీన్ని చక్కగానే చెప్పారు, యుక్తిగా చెప్పి ముందుకు సాగిపోయారు. పాడె ఆదోనికే ఎందుకు బయలుదేరింది? జంషీద్ నమ్మాలంటే శవం వెళ్లవలసిన చోటికే వెళ్లాలి. మసూద్ చస్తే మట్టి ఆదోనిలోనే అని బిజాపూర్ అంతటికీ తెలిసి ఉండాలి. సేనానికి ఊరితో ఉన్న ఈ బంధమే ఆ నాటకాన్ని నిలబెట్టి ఉంటుంది. కోట కోసం జరగవలసిన పెద్ద ముట్టడి దానివల్ల తప్పిపోయింది. యుద్ధం చేయగలిగిన మనిషి యుద్ధం మానుకుని పని సాధించుకోవడం కన్నా రాయబారానికి పెద్ద నిర్వచనం నాకు తెలియదు.

వజీరుగా ఆయన చేసిన పనుల్లో నేను అన్నిటికన్నా విలువ కట్టేది శివాజీతో కుదుర్చుకున్న సఖ్యత. 1660లో తాను తరిమినట్టు చెప్పే మనిషికే ఆయన ఉత్తరం రాయించాడు. సర్కార్ ఉదహరించిన ఆ ఉత్తరం సారాంశం: మనం ఇరుగుపొరుగువాళ్లం, ఒక ఉప్పు తిన్నవాళ్లం, ఈ రాజ్యాన్ని పాడుచేయాలని చూస్తున్న పరాయివాణ్ణి కలిసి వెళ్లగొడదాం. పరాయివాడంటే ఢిల్లీ మొగలు. అంటున్నది అబిసీనియా మూలాలున్న ఆదోనివాడు, వింటున్నది మరాఠా రాజు. దక్కన్ అనే భావన పదిహేడో శతాబ్దంలో ఎంత బలంగా ఉందో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. 1679లో మొగలు సేనాని దిలీర్ ఖాన్ బిజాపూర్ మీద పడ్డప్పుడు ఈ ఉత్తరాల ఫలం అందింది. శివాజీ పదివేల గుర్రపు దళాన్ని, రెండువేల ఎద్దుల మీద ధాన్యాన్ని పంపాడు, ఆపై తానే కదిలివచ్చి మొగలు భూముల మీద పడ్డాడు. నవంబరు 14న దిలీర్ బిజాపూర్ వదిలి వెనుదిరిగాడు. సుల్తాను అక్క షహర్‌బానును అంతకుముందే మొగలు శిబిరానికి పంపవలసి రావడం, అఫ్ఘాన్ సైనికుల బకాయీలు పూర్తిగా తీర్చలేకపోవడం మసూద్ ఖాతాలో మచ్చలే, కాదనను.

మన కాలంలో సేనాని రాయబారి కావాలంటే ముందు పదవీ విరమణ చేయాలి. జనరల్ కరియప్ప 1953లో విరమించాక ఆస్ట్రేలియాకు హైకమిషనర్‌గా వెళ్లారు. 1948లో హైదరాబాదు మీదికి దండు నడిపి, తర్వాత అక్కడే మిలిటరీ గవర్నరుగా కూర్చున్న జె.ఎన్. చౌధురి సైన్యాధిపతి పదవి ముగిశాక 1966లో కెనడాకు వెళ్లారు. మసూద్‌కు అలాంటి విభజన లేదు. ఉత్తరం రాసిన డేరాలోనే కత్తి కూడా వేలాడింది. ఆయనను పోల్చవలసింది ఈ జనరళ్లతోనే, సమకాలపు జాగీర్దార్లతో కాదు. ఆ లెక్కన వాళ్లకన్నా ఆయన పని కష్టమైనది, ఎందుకంటే వాళ్ల వెనుక ఒక ప్రభుత్వం ఉంది, ఆయన వెనుక ఉన్న ప్రభుత్వం ఒక పసివాడు.

1683 నవంబరు 21న ఆయన బిజాపూర్ విడిచి ఆదోనికి వచ్చేశాడు, మళ్లీ పోలేదు. బిజాపూర్ వైపు నుంచి చూస్తే ఇది ఓటమి. నాకు ఇది లెక్క చూసుకున్న మనిషి తీసుకున్న నిర్ణయం. 1686 సెప్టెంబరులో బిజాపూర్ పడిపోయింది, మరుసటి ఏడు సెప్టెంబరులో గోల్కొండ పడిపోయింది. సుల్తానులిద్దరూ బందీలయ్యాక కూడా ఆదోని దాదాపు ఏడాది నిలిచింది. ఔరంగజేబు దాని మీదికి పంపింది చిల్లర సేనానిని కాదు, ఫిరోజ్ జంగ్‌ను, తర్వాతి రోజుల్లో హైదరాబాదు నిజాం వంశానికి మూలపురుషుడైన ఆసఫ్ జా తండ్రిని. ఫిరంగులు కోట మీద పని చేయలేదనీ, వాటిని మసీదు వైపు తిప్పేసరికి మసూద్ లొంగిపోయాడనీ ఆదోనిలో చెప్పుకుంటారు. దీన్ని ముసలితనపు బలహీనతగా వినిపించేవాళ్లున్నారు. నేను ఇందులో బేరం చూస్తాను. గోల్కొండే నిలవని చోట ఆదోని ఎన్నాళ్లు నిలుస్తుంది? ఎలాగూ పోయే కోటను ఇచ్చి, మసీదును దక్కించుకున్నాడు. మంచాల ఇనాము మార్పిడిలో ఖాజీకి చెప్పించిన న్యాయాన్నే ఈసారి తనకు తాను చెప్పుకున్నాడు.

1688 ఆగస్టు 6న కోట మొగలుల వశమైంది. దానికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టారు. ఫిరోజ్ జంగ్ మనుమడు బసాలత్ జంగ్ తర్వాతి శతాబ్దంలో ఆదోనిని జాగీరుగా ఏలాడు. ఆదోని నవాబుల చరిత్ర అనగానే మనవాళ్లు బసాలత్ జంగ్ దగ్గర మొదలుపెడతారు. ఆయనకు వందేళ్ల ముందు బిజాపూర్, రాయగఢ్, గోల్కొండ, ఢిల్లీ నాలుగింటితోనూ మాట్లాడిన ఆదోని మనిషి ఉన్నాడు. మొదలు అక్కడే పెట్టాలి. అందుకు మంత్రాలయ మఠ సంప్రదాయాన్నీ, బసాతీన్-ఉస్-సలాతీన్ వంటి పారశీక చరిత్రలనూ, మరాఠీ కథనాలనూ ఒకే బల్ల మీద పరిచి చదవగల పరిశోధకులు రావాలి, తెలుగువాళ్లలోంచే రావాలి.