లెక్క చెప్పిన బాధ

పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, సర్కారు సొమ్ము వాడుకున్నాడన్న నేరం మీద గోల్కొండ ఖైదులో పడ్డాడు. అప్పటి గోల్కొండ సుల్తాను తానీషా ఏలుబడి 1672 నుంచి 1687 దాకా సాగింది. రామదాసుగా పేరుపడ్డ ఈ గోపన్న ఆ ఖైదులో పాడాడని చెప్పుకునే కీర్తనల్లో ఒకటి మరీ వింతైనది. అందులో భక్తుడు దేవుణ్ణి పొగడడం మానేసి బాకీ వసూలుకు దిగుతాడు. ప్రాకారానికి ఎంతయింది, తమ్ముళ్లకు చేయించిన నగలకు ఎంతయింది, సీతమ్మ చింతాకు పతకానికి ఎంతయింది, అన్నీ వరసపెట్టి అడుగుతాడు. ఎవరబ్బ సొమ్మని కులుకుతున్నావంటాడు. చివరకు, తిట్టానని కష్టపెట్టుకోకు, దెబ్బలకు తాళలేక తిట్టానని సర్దుకుంటాడు.

రెవెన్యూ ఉద్యోగి కనుక ఆయన బాధ చిట్టా రూపంలో వచ్చింది. అందుకే మనం దాన్ని నమ్ముతాం. తెలుగులో సొంత కష్టం కవిత్వమైన చరిత్రను తిరగేస్తే, నమ్మించిన ప్రతి చోటా ఇలాంటి లెక్క ఏదో ఒకటి కనిపిస్తుంది. ఏం పోయింది, ఎక్కడ పోయింది, ఎవరు కొట్టారు అన్నవి అందులో ఉంటాయి.

పెద్ద కావ్యాల్లో ఈ లెక్కకు చోటు తక్కువ. అవతారికలో కవి తన వంశం చెప్పుకోవచ్చు, కృతిభర్త గొప్పలు చెప్పవచ్చు. తన ఇంట్లో పొయ్యి వెలగలేదని చెప్పుకోవడం మర్యాద కాదు. కరుణరసం కావాలంటే దశరథుడున్నాడు, దమయంతి ఉంది. శ్రీనాథుడి సంగతే చూడండి. ప్రౌఢదేవరాయల కొలువులో కనకాభిషేకం చేయించుకున్నాడని చెప్పుకునే కవి, ముసలితనంలో బొడ్డుపల్లెలో పొలం గుత్తకు తీసుకుని నష్టపోయాడట. కృష్ణ పంటను ఊడ్చుకుపోయింది, నువ్వులూ పెసలూ పిట్టల పాలయ్యాయి, ఏడు వందల టంకాల బాకీ మిగిలింది. ఈ కథంతా ఆయన కావ్యాల్లో కాదు, ఆయన పేర జనం నోట నిలిచిన చాటువుల్లో ఉంది. అవి నిజంగా ఆయనవేనా అని పండితులు అనుమానిస్తే అనుమానించనీ. ఐదారు వందల ఏళ్లుగా తెలుగువాళ్లు ఒక మహాకవి పతనాన్ని ఇంత వివరంగా దాచుకోవడమే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. శతకం కూడా ఇలాంటి సందే. రాజుల కొలువు మీద ధూర్జటికి పుట్టిన ఏవగింపు కాళహస్తీశ్వరుడి చెవిన వేసే నెపంతో బయటికొచ్చింది.

20వ శతాబ్దపు తొలి దశకాల్లో భావకవులు ఈ నెపం కూడా అక్కర్లేదన్నారు. ‘నేను’ నేరుగా పద్యం మధ్యకు వచ్చి కూర్చుంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ 1925లో వచ్చింది. ఆయన భార్య చిన్న వయసులోనే పోయింది, కాబట్టి ఆ కన్నీళ్లు దొంగవి కావు. అయినా ఆ పుస్తకంలో వేదనకు ఊరూ పేరూ ఉండవు. చీకటీ నిట్టూర్పూ సంగీతంగా మారి ఎవరి గుండెకైనా అతికిపోతాయి. అదే దాని బలం, అనుకరించినవాళ్ల చేతుల్లో అదే దాని దుర్గతి. ఏ దుఃఖమూ ఎరగని కుర్రాళ్లు కూడా ఆ ఏడుపు ఏడ్చేశారు. విశ్వనాథ సత్యనారాయణ మరో దారి పట్టారు. భార్య పోతే ‘వరలక్ష్మీ త్రిశతి’ రాశారు. ఆమె పేరును పుస్తకానికే పెట్టారు.

తర్వాత శ్రీశ్రీ. ‘మహాప్రస్థానం’కు 1940లో యోగ్యతాపత్రం రాస్తూ, కృష్ణశాస్త్రి బాధ ప్రపంచానిదైతే ప్రపంచం బాధ శ్రీశ్రీదని చలం తేల్చారు. ఆ మాట ఎంతగా పాకిందంటే, ఒక చిన్న సంగతి దాని కింద కప్పబడిపోయింది. ఆ పుస్తకాన్ని శ్రీశ్రీ ‘ఉదయిని’ పత్రిక నడిపి చితికిపోయిన స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితమిచ్చారు. 1937లో కొంపెల్ల చనిపోయారు. లోకం కోసం గొంతెత్తిన పుస్తకానికి తలవాకిలి ఒక్క మనిషి చావు.

అయితే ఈ చరిత్రలో అసలు మలుపు నా లెక్కన గుర్రం జాషువాది. వినుకొండలో 1895లో పుట్టారు. కులం పేర అవమానాలు ఒకవైపు, పురాణాలు చదువుతున్నాడని క్రైస్తవుల వెలి మరోవైపు. ఇన్ని ఉన్నా 1941 నాటి ‘గబ్బిలం’లో ఆయన తన గోడు నేరుగా వెళ్లబోసుకోలేదు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికితే, జాషువా ఒక పేద అస్పృశ్యుడికి గబ్బిలాన్ని ఇచ్చారు. మనిషిని రానివ్వని గుళ్లోకి గబ్బిలం వెళ్లగలదు. పూజారి లేని సమయం చూసి శివుడి చెవిలో చెప్పమంటాడు ఆ పేదవాడు. అవమానం ఎంత సూటిగా ఉందో, పద్యం కట్టు అంత బిగువుగా ఉంది. ఛందస్సు తెలియదని ఎవరూ వేలెత్తి చూపలేని పద్యంలోనే ఆయన తన కోపాన్ని పెట్టారు. తనను తాను పేరుపెట్టి చెప్పుకోవడం తర్వాతి మాట. ‘నా కథ’ కూడా పద్యాల్లోనే రాశారు.

1980ల్లో ఆడవాళ్లు ఈ లెక్కను శరీరం దాకా తెచ్చారు. రేవతీదేవి ‘శిలాలోలిత’ 1981లో, ఆమె పోయాక వచ్చింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ రాశారు, పాటిబండ్ల రజని గర్భస్రావం గురించి రాశారు, జయప్రభ మగ చూపుల గురించి రాశారు. వీటిని ‘నీలి కవితలు’ అని వెక్కిరించినవాళ్లలో అభ్యుదయవాదులమని చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. యుద్ధభూమిలో గాయానికి కవితార్హత ఉండి, పురిటి మంచం మీద నొప్పికి ఎందుకు లేదో వాళ్లు చెప్పలేదు. 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చేసరికి ఆ వాదన పాతబడింది.

అదే ఏడు జనవరి 12న, తన పుట్టినరోజునే, జగిత్యాల నుంచి హైదరాబాద్ వచ్చిన ఫొటోగ్రాఫర్ కవి అలిశెట్టి ప్రభాకర్ క్షయతో పోయారు. వయసు ముప్పైతొమ్మిది. దినపత్రికలో ‘సిటీ లైఫ్’ పేర వచ్చిన ఆయన కవితలు నాలుగైదు పంక్తులకు మించవు. జబ్బునూ పేదరికాన్నీ చూపి జాలి అడిగే అవకాశం ఆయనకున్నంతగా ఎవరికీ లేదు. ఆయన ఆ పని చేయలేదు, కెమెరాను నగరం వైపే తిప్పి ఉంచారు.

కారంచేడు 1985, చుండూరు 1991. దళితుల మీద జరిగిన ఈ రెండు ఊచకోతల తర్వాత దళిత కవితా సంకలనాలు ‘చిక్కనవుతున్న పాట’ 1995లో, ‘పదునెక్కిన పాట’ మరుసటేడు వచ్చాయి. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991 నాటిది. ముస్లింగా పుట్టడమే నేరమై, దేశభక్తికి క్రికెట్ మ్యాచ్ తూకంరాయి అయిన అనుభవం అందులో ఉంది. 1998లో ముస్లింవాద కవితల సంకలనం ‘జల్‌జలా’ వచ్చింది. ఇక్కడ ‘నేను’ అంటే ఒక్కడు కాదు, ఒక వాడ మొత్తం.

ఆ పదేళ్లలో పుట్టిన చర్చ ఇంకా చల్లారలేదు. అనుభవించినవాడే రాయాలా అన్నది అందులో ఒక సగం, దానికి అప్పటి కవులు గట్టిగానే జవాబు చెప్పారు. అనుభవించినంత మాత్రాన కవిత అవుతుందా అన్న రెండో సగాన్ని విమర్శకులు తప్పించుకున్నారు. బాధితుడి కవితలో లోపం ఎత్తి చూపితే బాధనే కాదన్నట్టవుతుందని వాళ్ల భయం. ఫలితంగా ఆ సంకలనాల్లో నినాదం దగ్గర ఆగినవాటికీ, ‘పుట్టుమచ్చ’లాంటివాటికీ ఒకే పొగడ్త దక్కింది. జాషువా బతికుంటే దీనికి ఒప్పుకునేవారని నేననుకోను.