రైతు బజారు: సంత బేరం నుంచి ధరల పలక దాకా

పండించినవారే పంటను తూచి తినేవారి చేతికి అందించే పద్ధతి తెలుగునాట 1999లోనే పుట్టిందన్న అభిప్రాయం విస్తృతంగా ఉన్నప్పటికీ, ఆ ఏడాది జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన రైతు బజార్ల కంటే ఎంతో ముందునుంచే వారపు సంతల్లో రైతూ కొనుగోలుదారూ ఎదురెదురుగా కూర్చుని బేరమాడుతూ వచ్చారు. రైతు బజారు తెచ్చిన కొత్తదనం రెండు విషయాల్లో కనబడుతుంది: అమ్మే మనిషి నిజంగా రైతేనని ప్రభుత్వం కార్డు ఇచ్చి ధ్రువపరచడం ఒకటి, బేరానికి చోటు లేకుండా ధరను పలక మీద రాసిపెట్టడం మరొకటి. పేరులోని రెండు మాటలూ, పన్ను చెల్లించే ప్రజ అన్న అర్థంలో పాలకుల దస్తావేజుల్లో నడిచిన ‘రైతు’, అంగడికి పర్యాయపదమైన ‘బజారు’, పారశీక రాజభాష ద్వారా తెలుగులోకి వచ్చినవే కావడం ఆ సంస్థ ప్రభుత్వ స్వభావానికి తగినట్టే ఉంది.

సంత ఒక రోజు అంగడి. చుట్టుపట్ల ఊళ్లవారు కాలినడకన గానీ బండి మీద గానీ వచ్చి పొద్దుగూకేలోగా తిరిగి ఇల్లు చేరగలిగే దూరంలో, వారంలో ఒక నిర్ణీత దినాన అది కూడేది. గంపెడు వంకాయలు అమ్మిన రైతు ఆ సొమ్ముతోనే ఉప్పు, బట్ట కొనుక్కుని వెళ్లేవాడు కనుక, అక్కడ అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య గీత చెరిగిపోతూ ఉండేది. కొలత సోలా తవ్వా మానికలతో, తూకం వీసెలతో సాగేది. అయితే సంతలో మధ్యవర్తులే లేరనుకోవడం కూడా పొరపాటే. కాకతీయుల నాటి ఓరుగల్లు శాసనమొకటి అంగడికి వచ్చే ధాన్యం, కూరగాయలు, నూనె, బెల్లం వంటి సరుకుల మీద వసూలయ్యే రుసుములను వరుసగా పేర్కొంటుంది. ఆ వసూలు వారసత్వమే నేటికీ పల్లె సంతల్లో ‘ఆశీలు’ పేరుతో, అంటే పాటలో హక్కు దక్కించుకున్న గుత్తేదారు ప్రతి గంపకూ తీసుకునే రుసుముగా, కొనసాగుతోంది.

సంత పరిధిని దాటి దూరపు మిల్లులకు, రేవులకు పోయే పత్తి, వేరుశనగ, పొగాకు సాగు పెరిగిన కొద్దీ రైతుకూ తుది కొనుగోలుదారుకూ మధ్య దూరం పెరిగింది. విత్తనాలు వేసేనాటికే అప్పు ఇచ్చిన వ్యాపారికి పంట కట్టుబడి ఉండేది. మచ్చు పేరుతో దోసిళ్లకొద్దీ సరుకు తీయడం, తేమ ఉందనో మట్టి ఉందనో తూకంలో కోత పెట్టే ‘తరుగు’, తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని రైతుకు తెలియకుండా ధర తేల్చడం వంటివి మార్కెట్లలో మామూలైపోయాయి. 1928లో నివేదిక ఇచ్చిన వ్యవసాయ రాయల్ కమిషన్ ఇటువంటి దురాచారాలను అరికట్టడానికి నియంత్రిత మార్కెట్లు నెలకొల్పాలని సూచించగా, నిజాం రాజ్యంలో అక్కడి రెవెన్యూ సంవత్సరమైన 1339 ఫసలీకి చెందిన వ్యవసాయ మార్కెట్ల చట్టం, మద్రాసు రాష్ట్రంలో 1933 నాటి వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చాయి. ఆ రెండు సంప్రదాయాలనూ కలుపుతూ 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం ఏర్పడింది.

ఈ చట్టాలు తీర్చిదిద్దిన మార్కెట్ యార్డులో ప్రతివారికీ ఒక స్థానం ఉంది: రైతు తరఫున సరుకు అమ్మించి కమీషన్ తీసుకునే అడ్తీదారు, తూకం వేసే దడ్వాయి, మూటలు మోసే హమాలీ, గింజ చెరిగే చాట కూలీ, అందరికీ లైసెన్సులు, నిర్ణీత కూలి రేట్లు. తినేవాడికి మాత్రం అక్కడ చోటు లేదు. అది టోకు వేలం జరిగే చోటు. ధాన్యమైతే ధర నచ్చకపోతే గోదాములో దాచుకోవచ్చునేమో గానీ, సాయంత్రం కోసిన తోటకూరను తెల్లవారి వెనక్కి తీసుకుపోయే రైతు ఉండడు కనుక, యార్డు నియమాలు ఎంత పకడ్బందీగా ఉన్నా కూరగాయల రైతు బేరంలో బలహీనుడిగానే మిగిలాడు.

ఈ లోటుకు తొలి జవాబు పంజాబులో 1987లో మొదలైన ‘అప్నీ మండీ’. ‘మన అంగడి’ అని దాని అర్థం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఆలోచన రూపు దిద్దుకునే సమయానికి దేశమంతటా ఉల్లి ధర రాజకీయాంశమై ఉంది. 1998 చివర ఢిల్లీ శాసనసభ ఎన్నికల్లో పాలకపక్షం ఓటమికి ఉల్లిపాయ కూడా ఒక కారణమని చెప్పుకున్న మరి రెండు నెలలకే చంద్రబాబు నాయుడి ప్రభుత్వం రైతు బజార్లు తెరవడం, అదే ఏడాది ఇక్కడా ఎన్నికలు జరగడం కాకతాళీయమని చెప్పడం కష్టం. రైతు మేలు కోసమని పేరు పెట్టినా, ఆ పథకం అసలు ఉద్దేశంలో పట్టణ గృహిణి వంటింటి ఖర్చుకూ సమాన భాగం ఉంది.

నిర్మాణం పూర్తిగా పాలనాయంత్రాంగానిదే. పట్టణంలో ఎకరానికి తగ్గని ప్రభుత్వ స్థలం చూసి షెడ్లు వేసేవారు. పది పదిహేను గ్రామాల నుంచి కనీసం 250 మంది రైతులను రెవెన్యూ, ఉద్యాన, వ్యవసాయ శాఖల అధికారుల బృందం ఎంపిక చేసి ఫొటో గుర్తింపు కార్డులు ఇచ్చేది. జాయింట్ కలెక్టరు ఆర్టీసీతో మాట్లాడి గంపలు ఎక్కించుకునే బస్సులు ఏర్పాటు చేసేవారు. బజారు రోజువారీ నిర్వహణకు ‘ఎస్టేట్ ఆఫీసరు’ అనే ఉద్యోగి ఉండేవాడు. హైదరాబాదులో మెహదీపట్నం, ఎర్రగడ్డ, విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ వంటి చోట్ల ఈ బజార్లు నగర దినచర్యలో భాగమైపోయాయి.

అన్నిటికంటే ఆసక్తికరమైనది ధర కట్టే సూత్రం. టోకు ధరకు 25 శాతం పైన, చిల్లర ధరకు 25 శాతం కింద ఉండేలా ప్రతి ఉదయం ధర నిర్ణయించి పలక మీద రాయాలన్నది నియమం. ఉదాహరణకు టోకున కిలో 20 రూపాయలు, చిల్లరగా 40 రూపాయలు ఉంటే, ధర 25కూ 30కీ మధ్య ఎక్కడైనా నిలబడుతుంది. చిల్లర ధర 30 మాత్రమే అయిన రోజున మొదటి లెక్క 25 అంటుంది, రెండో లెక్క 22 రూపాయల 50 పైసలు దాటవద్దంటుంది, రెండూ పొసగవు. చిల్లర ధర టోకు ధరకు కనీసం ఒకటింబావు రెట్లు కాదు, ఒకటీ మూడింట రెండు వంతుల రెట్లు, అంటే 30కి 50 లెక్కన ఉంటేనే ఆ సూత్రం నిలుస్తుంది. మధ్యవర్తుల లాభం అంత ఉంటుందన్న అంచనా సూత్రంలోనే ఇమిడి ఉంది. పైగా టోకు ధర తేలేది బోయిన్‌పల్లి వంటి యార్డులో అడ్తీదారు సమక్షంలోనే కనుక, షెడ్డులోంచి వెళ్లిపోయిన దళారి పలక మీది అంకెలో ఉండనే ఉన్నాడు.

మరో చిక్కు కాలానికి సంబంధించినది. సంత వారానికొకరోజు, రైతు బజారు రోజూ ఉంటుంది. రోజూ బజారులో కూర్చునే రైతు పొలంలో ఉండలేడు గనుక, ఇంట్లో మరో మనిషి, తరచుగా ఆడమనిషి, అమ్మకానికి రాగలిగిన కుటుంబాలకూ, నగరం అంచున ఆకుకూరలూ తీగ కూరలూ పండించేవారికీ ఇది ఎక్కువగా అనుకూలించింది. ఉల్లి, బంగాళాదుంప వంటి దూరపు పంటలను అమ్మడానికి డ్వాక్రా మహిళా సంఘాలకు స్థానం కల్పించడంతో రైతే అమ్మాలన్న నియమానికి మొదటినుంచీ ఒక మినహాయింపు ఉంది. కార్డు ఒకరిది, కాటా మరొకరిది అయిన ‘బినామీ రైతుల’ గురించిన ఫిర్యాదులు ఆ వెనుకే వచ్చాయి.

1999 నవంబరు 14న మదురైలో ‘ఉళవర్ సందై’ పేరుతో తమిళనాడు ఇదే దారిలో నడిచింది. 2001లో ప్రభుత్వం మారాక అక్కడ అది నిరాదరణకు గురై 2006 తర్వాతే కోలుకుంది. తెలుగు నేల మీద ప్రభుత్వాలు మారినా, 2014లో రాష్ట్రమే రెండైనా బజార్లు మూతపడలేదు. 2020 లాక్‌డౌన్‌లో అవి విశాలమైన మైదానాల్లోకీ, వీధుల్లో తిరిగే వాహనాల మీదికీ మారాయి. 2023 జులైలో టమాటా ధర వంద దాటినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మార్కెట్లో తానే సరుకు కొని రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించింది. తెల్లవారుజామునే కట్టిన ఆ వరుసల ముందు తూచి ఇచ్చినది రైతు కాదు, పండించినవారికీ తినేవారికీ మధ్య నిలిచిన మార్కెటింగ్ శాఖ.